గణక యంత్రానికి నీటి చలువ

అద్దంకి నుంచి మార్టూరు వైపు వెళ్ళేవారికి దారిలో గ్రానైటు కోత మిల్లులు కనిపిస్తాయి. బల్లికురవ కొండల నుంచి తెచ్చిన రాతి దిమ్మెలను ఆ మిల్లులలో పలకలుగా కోస్తారు. రంపపు చక్రం రాతిలో దిగినంతసేపూ దానిమీద నీరు పడుతూనే ఉండాలి. నీరు ఆగితే కొంతసేపటికే చక్రం పళ్ళు కాలి మొద్దుబారతాయి. వెనుకటి రోజుల్లో ఈ మెట్ట పొలాల నూతులమీద ఆయిల్ ఇంజన్లు పనిచేసేవి. తోడిన నీటిలో కొంత ఒక సన్నని గొట్టం గుండా ఇంజను చుట్టూ తిరిగి, వేడినీరై కాలువలో పడేది. మిరపకాయలను నిలువచేసే కోల్డు స్టోరేజీలలోనూ లోపలి వేడిని బయటికి తెచ్చి చివరకు నీటికే అప్పగిస్తారు.

ఈ మూడు చోట్లా నీరు చేసే పని ఒక్కటే. నీరు వేడిని చంపదు. ఒకచోటి వేడిని ఎత్తుకొనిపోయి మరొకచోట దించుతుంది. ఈ చిన్న సత్యాన్ని పట్టుకొంటే గణక యంత్రాల చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం సులభంగా అర్థమవుతుంది. అంతేకాదు, నీటితో చల్లబడే కంప్యూటరును స్వయంగా కూర్చుకోవాలనుకొనే విద్యార్థికి, అది చెడినప్పుడు దోషం ఎక్కడున్నదో వెదకడానికి కూడా ఇదే దారి చూపుతుంది.

యంత్రానికి వేడి ఎందుకు?

కంప్యూటరులో కదిలే భాగాలు తక్కువ. రాపిడి లేదు, మంట లేదు. మరి వేడి ఎక్కడిది? సిలికాన్ చిప్పులో కోట్లకొలది ట్రాన్సిస్టర్లున్నవి. ఒక్కొక్కటి సున్న నుంచి ఒకటికి, ఒకటి నుంచి సున్నకు మారినప్పుడల్లా ఒక అతి చిన్న కెపాసిటరులోకి విద్యుదావేశం ఎక్కి దిగుతుంది. ఎక్కి దిగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారుతుంది. ఒక్క మార్పులో వెలువడే వేడి లెక్కకు రానంత స్వల్పం. కాని అటువంటి మార్పులు సెకనుకు వందల కోట్లసార్లు, కోట్ల ట్రాన్సిస్టర్లలో జరుగుతున్నవి. ఇవిగాక, మూసి ఉన్న ట్రాన్సిస్టర్ల గుండా కూడా కొంత విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది.

లెక్కలు కట్టడంలో యంత్రం చేసే పని బరువు ఎత్తడం వంటిది కాదు. కాబట్టి లోపలికి వెళ్ళిన విద్యుచ్ఛక్తి దాదాపు అంతా వేడిగానే బయటికి రావాలి. 450 వాట్లు తీసుకొనే కంప్యూటరు, గదిని వేడిచేసే విషయంలో 450 వాట్ల హీటరుతో సమానం.

శూన్యనాళికల కాలం

1946 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ గణక యంత్రాన్ని లోకానికి చూపారు. అందులో దాదాపు 18,000 శూన్యనాళికలు ఉండేవి. ప్రతి నాళికలోనూ ఒక తీగ ఎర్రగా కాలుతూ ఉండాలి. యంత్రం మొత్తం సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును తీసుకొనేది. ఆ వేడిని పెద్దపెద్ద పంకాలతో గాలి ఊది తరిమేవారు.

మన దేశంలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు నిర్మించిన టిఫ్రాక్ 1960లో పూర్తిగా పనిలోకి వచ్చింది. అందులో సుమారు 2,700 శూన్యనాళికలు ఉండేవి. తరువాత ట్రాన్సిస్టర్లు వచ్చి నాళికలను తొలగించాయి. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడింది. దాని నిర్మాత, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు. మన దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి గణక యంత్రాల శ్రేణి, 1969 నాటి టి.డి.సి.-12తో మొదలై, ఆ సంస్థ పేరుతోనే ప్రసిద్ధి పొందింది. ట్రాన్సిస్టరుకు ఎర్రగా కాలే తీగ అక్కరలేదు కనుక వేడి సమస్య తీరిపోయినదని చాలామంది అనుకొన్నారు. కాని తీరలేదు. ట్రాన్సిస్టర్లు చిన్నవైనకొద్దీ వాటిని మరింత దగ్గరగా, మరింత ఎక్కువగా అమర్చసాగారు. ఒక్కొక్కదాని వేడి తగ్గినా చదరపు సెంటీమీటరుకు వెలువడే వేడి పెరిగిపోయింది.

నీరు ప్రవేశించిన కథ

గాలి చాలని చోట నీరు ఎందుకు చాలుతుంది? ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 4,180 జౌళ్ళు కావాలి. ఒక లీటరు గాలికి ఒకటి పైచిలుకు జౌలు చాలు. అనగా, ఒకే ఘనపరిమాణంలో నీరు గాలికంటె దాదాపు 3,500 రెట్లు వేడిని మోయగలదు. వేడిని తన గుండా పోనిచ్చే గుణంలో కూడా నిశ్చలమైన నీరు నిశ్చలమైన గాలికంటె ఇరవై రెట్లకు పైగా మేలు.

1960ల రెండవ భాగంలో ఐ.బి.ఎం. సంస్థ తన సిస్టం-360 యంత్రాలలో మిక్కిలి వేగంగల 91వ నమూనాకు నీటి సహాయం తీసుకొన్నది. 1980లో ప్రకటించిన 3081 యంత్రంలో ఈ పద్ధతి పరిణతి పొందింది. వందకు పైగా చిప్పులను ఒక పింగాణీ పలకమీద అమర్చి, ప్రతి చిప్పు వీపుమీద స్ప్రింగుతో నొక్కివుండే ఒక చిన్న లోహపు ముషలకాన్ని ఆనించారు. సందులలో హీలియం వాయువు నింపారు. ముషలకాలు వేడిని పైకి తెస్తే, పైనున్న పలకలో ప్రవహించే నీరు దానిని తీసుకొనిపోయేది. నీరు చిప్పును తాకదు, వేడి మాత్రమే నీటిని చేరుతుంది. నేటి బల్లమీది కంప్యూటరులో కూడా నియమం ఇదే.

సేమూర్ క్రే అనే నిర్మాత మరొక దారి తొక్కాడు. 1976లో వెలువడిన క్రే-1 యంత్రం సుమారు 115 కిలోవాట్లు తీసుకొనేది. దాని బోర్డుల వేడిని రాగి పలకలు, అల్యూమినియం కడ్డీలు గ్రహించగా, కడ్డీలలోని ఉక్కు గొట్టాల గుండా ఫ్రియాన్ ప్రవహించి మోసుకొనిపోయేది. మొదట్లో అతుకుల నుంచి ఫ్రియానుతోపాటు నూనె కారి బోర్డులకు పట్టేది. ఆ కారుడు ఆపడానికి అతికే విధానాన్నే మార్చవలసి వచ్చింది. ద్రవంతో చల్లబరచే యంత్రాలకు అతుకే ప్రధాన శత్రువన్న సంగతి ఆనాడే తేలింది. ఈ వంశానికి చెందిన క్రే ఎక్స్.ఎం.పి. యంత్రాన్నే 1980ల చివర మన వాతావరణ సూచనల కోసం ఢిల్లీలో నెలకొల్పారు.

నీరు వెళ్ళి, తిరిగి వచ్చుట

1990లలో ఒక విచిత్రం జరిగింది. పెద్ద యంత్రాలు నీటిని వదిలివేశాయి. అంతవరకు వాడిన బైపోలార్ ట్రాన్సిస్టర్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా విద్యుత్తును తాగేవి. వాటి స్థానంలో వచ్చిన సీమాస్ రకం ట్రాన్సిస్టర్లు మారినప్పుడు మాత్రమే ముఖ్యంగా విద్యుత్తు తీసుకొనేవి. గాలితోనే పని జరిగిపోయింది. పైగా, ట్రాన్సిస్టరును చిన్నది చేస్తూ దాని వోల్టేజిని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, చదరపు సెంటీమీటరు వేడి పెరగదని రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు 1974లోనే చూపారు. ఆ సూత్రం ముప్ఫై ఏళ్ళపాటు గణక పరిశ్రమకు వరప్రసాదమైంది.

కాని వోల్టేజిని ఒక హద్దుకు మించి తగ్గించలేము. తగ్గిస్తే ట్రాన్సిస్టరు సరిగా మూసుకోదు, కారుడు విద్యుత్తు పెరుగుతుంది. 2005 ప్రాంతానికి ఆ వరం ముగిసింది. 1993 నాటి మొదటి పెంటియం ప్రాసెసరు సుమారు 15 వాట్లు వెలువరిస్తే, 2004 నాటి పెంటియం-4 రకాలలో కొన్ని 100 వాట్లు దాటాయి. వేలి గోరంత చిప్పునుంచి ఒక పెద్ద బల్బు వేడి!

ఈలోగా ఔత్సాహికులు తామే రంగంలోకి దిగారు. 1998లో ఇంటెల్ విడుదలచేసిన సెలెరాన్-300ఏ ప్రాసెసరును, చెప్పిన 300 మెగాహెర్ట్జ్‌లకు బదులు 450 మెగాహెర్ట్జ్‌లతో నడపవచ్చునని వారు కనుగొన్నారు. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. అప్పటికి అంగళ్ళలో తగిన సామగ్రి లేదు. కనుక కారులో వెచ్చదనానికి వాడే చిన్న రేడియేటరును, చేపల తొట్టి పంపును తెచ్చి, రాగి దిమ్మెకు తామే రంధ్రాలు తొలిచి జోడించుకొన్నారు. 2004లో ఆపిల్ సంస్థ పవర్ మాక్ జి-5 యంత్రాల్లో ఒక రకాన్ని ద్రవంతో చల్లబరచే ఏర్పాటుతోనే అమ్మింది. ఔత్సాహికుల ప్రయోగం కర్మాగారానికి చేరింది.

ఈ మార్పు వెనుక విశ్వవిద్యాలయాల కృషి కూడా ఉన్నది. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్మన్, పీజ్ అనే ఇద్దరు, సిలికాన్‌లోనే వెంట్రుక మందానికి లోపైన సన్నని కాలువలు చెక్కి నీరు పారించి, చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని తీసివేయవచ్చునని చూపారు. కాలువ ఎంత సన్ననిదైతే గోడనుంచి నీటికి వేడి అంత త్వరగా చేరుతుంది. ఈ సూక్ష్మ కాలువల శాస్త్రాన్ని తరువాతి కాలంలో వృద్ధిచేసినవారిలో, తెలుగు ఇంటిపేరుగల సురేశ్ గరిమెళ్ళ ఒకరు. 1985లో మద్రాసు ఐ.ఐ.టి.లో పట్టం పొందిన ఆయన, అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్ పరికరాల శీతలీకరణకై ఒక పరిశోధన కేంద్రాన్ని నడిపారు.

యంత్రం కూర్పు

నేటి నీటి చలువ కంప్యూటరులో ముఖ్యాంగాలు ఐదు. ఒకటి, ప్రాసెసరు మీద కూర్చుండే రాగి దిమ్మె. దీనిని వాటర్ బ్లాకు అంటారు. దాని అడుగు లోపలివైపు దువ్వెన పళ్ళవలె సన్నని రెక్కలుంటాయి. రెండు, పంపు. మూడు, నీటి చిన్న తొట్టి. నాలుగు, పంకాలు బిగించిన రేడియేటరు. ఐదు, వీటిని కలిపే గొట్టాలు. చిప్పుకూ రాగి దిమ్మెకూ మధ్య మిగిలే కంటికి కనిపించని సందులలో గాలి నిలువకుండా థర్మల్ పేస్టును పలుచగా పూస్తారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ప్రాసెసరు 150 వాట్లు, గ్రాఫిక్స్ కార్డు 300 వాట్లు, మొత్తం 450 వాట్లు అనుకొందాం. నీరు నిమిషానికి 4 లీటర్ల చొప్పున తిరుగుతున్నది. నీరు ఒక చుట్టులో ఎంత వేడెక్కుతుంది? కేవలం 1.6 డిగ్రీలు! కాబట్టి చుట్టులో ఏ అంగం ముందు, ఏది వెనుక అన్న వాదానికి పెద్ద ప్రయోజనం లేదు. అదే 450 వాట్లను గాలి 10 డిగ్రీలు వేడెక్కుతూ మోయాలంటే సెకనుకు సుమారు 40 లీటర్ల గాలి కావాలి. చివరకు రేడియేటరు వద్ద ఆ గాలి కావలసిందే. నీరు చేసిన మేలు ఏమిటంటే, గోరంత చోట పుట్టిన వేడిని వెడల్పైన రేడియేటరు వరకు తెచ్చి, గాలికి తగినంత జాగా కల్పించడం.

అమరికలో ఒక్క నియమం మాత్రం తప్పరాదు. తొట్టి పంపుకంటె ఎత్తున ఉండాలి. పొలంలో మోటారు పంపుకు ముందుగా నీరు పోసి గాలి పోగొట్టనిదే నీరు ఎక్కదని రైతుబిడ్డలందరికీ తెలుసు. ఈ చిన్న పంపు స్వభావమూ అదే. గాలి చిక్కితే అది నీటిని తోయలేదు. పొడిగా తిరిగి పాడవుతుంది.

దోషాన్వేషణ

మొదటి పరీక్ష విద్యుత్తు ఇవ్వకముందే జరగాలి. మదర్ బోర్డుకు కరెంటు లేకుండా, పంపును మాత్రమే కొన్ని గంటలు నడిపి, ప్రతి అతుకు కింద పొడి కాగితం ఉంచి చూడాలి. కాగితం తడిస్తే అతుకు విప్పి మళ్ళీ బిగించాలి. బట్టీ పట్టిన నీరు విద్యుద్వాహకం కాదుగదా, కారితేనేమి అని కొందరంటారు. నీరు కొద్దికాలం లోహాలమీద, దుమ్ముమీద పారగానే అయానులను కరిగించుకొని వాహకమవుతుంది. కాబట్టి ఆ ధీమా పనికిరాదు.

తరువాత యంత్రం నడుస్తూ వేడెక్కి ఆగిపోయినదనుకొందాం. ఒక్కొక్క భాగాన్నీ ఊరకే మార్చి చూడడం వ్యర్థం. వేడి నడిచే దారి వెంట మనమూ నడవాలి. చిప్పులో ఉష్ణమాపకం ఉండనే ఉన్నది. నీటిలో మరొకటి ఉంచితే చాలు. చిప్పు మిక్కిలి వేడిగా ఉండి నీరు మాత్రం చల్లగా ఉంటే, దోషం చిప్పుకూ నీటికీ మధ్యనే ఉన్నది: పేస్టు ఎండిపోయి ఉండవచ్చు, దిమ్మె సరిగా ఆనకపోవచ్చు, పంపు ఆగిపోవచ్చు, రెక్కల సందులు పూడిపోవచ్చు. చిప్పూ నీరూ రెండూ వేడిగా ఉంటే, దోషం నీటికీ గాలికీ మధ్య ఉన్నది: రేడియేటరుకు దుమ్ము పట్టి ఉండవచ్చు, పంకా ఆగివుండవచ్చు, బయటికి పోయిన వేడిగాలే తిరిగి లోపలికి వస్తూ ఉండవచ్చు. రెండూ చల్లగా ఉండి యంత్రం ఆగిపోతే, నేరం నీటిది కాదు. విద్యుత్ సరఫరాలోనో, మెమరీలోనో వెదకాలి.

నెలలు గడిచాక వచ్చే వ్యాధులు వేరు. ఈ ప్రాంతపు బోరు నీరు అనేక చోట్ల కఠినజలం. అది పోస్తే బిందె అడుగున తెల్లని పొర కట్టినట్లే దిమ్మె రెక్కలమీద కాల్షియం లవణాల పొర కడుతుంది. అందుచేత బట్టీ పట్టిన నీటినే వాడాలి. పారదర్శకమైన గొట్టాలలోకి వెలుతురు పడితే నాచు పెరుగుతుంది. దానికి విరుగుడు మందు కలపాలి. రాగి దిమ్మెతో అల్యూమినియం రేడియేటరును జతచేస్తే మరొక ప్రమాదం. రెండు భిన్న లోహాలు, వాటిని కలిపే తీగవంటి మార్గం, మధ్య అయానులు గల నీరు ఉంటే అది గాల్వానిక్ ఘటమే. అందులో అల్యూమినియం మెల్లమెల్లగా కరిగిపోతుంది. పదవ తరగతి ప్రయోగశాలలోని పాఠం ఇక్కడ పెట్టెలోపల చడీచప్పుడు లేకుండా జరుగుతుంది.

ఇంకొక పొరపాటు, తొట్టిలో ఐసు వేయడం. ఐసునీటి గ్లాసు బయట చెమట పట్టినట్లు, గాలిలోని ఆవిరి దిమ్మెమీద, గొట్టాలమీద నీరై బోర్డుమీద పడుతుంది. నీరు గాలి మంచు బిందువుకంటె చల్లబడకూడదు.

అద్దంకి వేసవి

రేడియేటరు ఎంత మంచిదైనా నీటిని గది గాలికంటె చల్లబరచలేదు. ఇది ఉష్ణగతిక శాస్త్ర నియమం. 27 డిగ్రీల గదిలో, నీటికీ గాలికీ 10 డిగ్రీల తేడాతో పనిచేసే యంత్రంలో నీరు 37 డిగ్రీలు ఉంటుంది. అద్దంకిలో మే నెల మధ్యాహ్నం గది 42 డిగ్రీలయితే నీరు 52 డిగ్రీలు. చిప్పు నీటికంటె మరొక 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 82. చాలా చిప్పులు 95, 100 డిగ్రీల ప్రాంతంలో తమంతట తామే వేగం తగ్గించుకొంటాయి. ఆ హద్దు ఇంకా దూరంగానే ఉన్నది. కాని చిన్న పంపులలో అనేకం 60 డిగ్రీలకు మించిన నీటికి పనికిరావు. ఆ హద్దు మాత్రం దగ్గరపడింది. చల్లని దేశాలలో వ్రాసిన పుస్తకాన్ని చూసి రేడియేటరు కొన్న విద్యార్థికి జనవరిలో సరిపోయిన యంత్రం మేలో మొరాయిస్తుంది. ఇక్కడ రేడియేటరు ఒక పరిమాణం పెద్దది ఉండాలి. కిటికీ దగ్గర, ఎండ పడని చోట ఉంచాలి. గది తలుపులు మూసివేస్తే ఆ 450 వాట్లు గదిలోనే పేరుకొని, తిరిగి రేడియేటరుమీదికే వస్తాయి.

ఆఖరి మెట్టు

బల్లమీది యంత్రం నేర్పిన పాఠమే పెద్ద యంత్రాలకూ వర్తిస్తుంది. 2010లో జూరిక్ నగరంలో అక్వసార్ అనే యంత్రాన్ని 60 డిగ్రీల వేడినీటితోనే చల్లబరచి, వెలువడిన వేడిని భవనాలు వెచ్చచేయడానికి వాడారు. వేడినీటితో చల్లబరచడం వింతగా తోచవచ్చు. చిప్పు అంతకంటె వేడిగా ఉన్నది కనుక అది సాధ్యమే. శీతల యంత్రాల ఖర్చు కూడా తప్పింది. కాని మనకు ఇండ్లను వెచ్చచేసే అవసరం లేదు. మన వేడి గాలికో, ఆవిరయ్యే నీటికో పోవాలి.

2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఒక గిగావాటు స్థాయి దత్తాంశ కేంద్రాన్ని, ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల వ్యయంతో నెలకొల్పుతామని ప్రకటించింది. ఇటువంటి కేంద్రాలన్నిటికీ వర్తించే ఒక లెక్కను తరగతిలో విద్యార్థులచేత చేయించవచ్చును. ఒక కిలోగ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ళు కావాలి. ఒక మెగావాటు వేడిని ఆవిరి రూపంలోనే పోగొట్టాలంటే రోజుకు సుమారు 36,000 లీటర్ల నీరు ఖర్చవుతుంది. వెయ్యి మెగావాట్లకు మూడున్నర కోట్ల లీటర్ల పైమాటే. నీటిని ఆవిరి చేయకుండా మూసిన గొట్టాలలోనే తిప్పి, పంకాలతో గాలికి వేడిని అప్పగిస్తే నీరు మిగులుతుంది. బదులుగా విద్యుత్తు ఎక్కువ ఖర్చవుతుంది. సముద్రపు నీటిని వాడితే మంచినీరు మిగులుతుంది. తుప్పు, లవణాల బాధ పెరుగుతుంది. ఏ దారిలోనూ వేడి మాయం కాదు. ఎక్కడ దించాలి, అందుకు ఏది వెచ్చించాలి అన్నదొక్కటే మన చేతిలోనున్న నిర్ణయం.

గుండ్లకమ్మ ఒడ్డున, వానల కోసం ఎదురుచూసే పల్లెలలో పెరిగిన విద్యార్థికి నీటి విలువ చెప్పనక్కరలేదు. యంత్రం చల్లగా ఉన్నదని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ వేడి ఇప్పుడు ఎక్కడున్నదని అడగడం అతడు నేర్చుకోవాలి.